పొలిమేర దాటని కాపరి – విలియం మాంపెసన్ జీవిత చరిత్ర

ఇంగ్లండు దేశపు నడిభాగమున, డెర్బీషైర్ సీమలోని కొండల నడుమ ఈమ్ అను చిన్న గ్రామము కలదు. షెఫీల్డు నగరమునుండి నైరుతి దిశగా కొండదారి పట్టి పోయినయెడల, ఒకే పొడవైన వీధికి ఇరుప్రక్కల బారులుతీరిన రాతి ఇండ్లు కనబడును. ఊరి నడుమ పరిశుద్ధ లారెన్సు పేరిట కట్టబడిన పురాతన దేవాలయమున్నది. దాని ఆవరణలో ఎనిమిదవ శతాబ్దమునాటిదని చెప్పబడు చెక్కడపు రాతిసిలువ నేటికిని నిలిచియున్నది. ఈ గ్రామమున గొప్ప యుద్ధము జరుగలేదు. రాజులెవ్వరును ఇచ్చట కోట కట్టలేదు. అయినను మూడున్నర శతాబ్దములకు పైగా క్రైస్తవ లోకము దీని పేరును మరువలేదు. ఆ పేరుతో కలిసి చెప్పబడు పేరు విలియం మాంపెసన్.

పదునేడవ శతాబ్దమున ఈమ్ ప్రజలలో అనేకులు సీసపు గనులలో పనిచేయువారు. మిగిలినవారు గొఱ్ఱెలను పెంచుచు, కొండవాలులలో కొద్దిపాటి సేద్యము చేసికొనుచుండిరి. గనిలో దొరకిన సీసపు రాతిలో కొంత భాగము సంఘకాపరికి చెల్లించుట ఊరి ఆచారము. బిడ్డ పుట్టినను, పెండ్లి జరిగినను, మనిషి చనిపోయినను దేవాలయపు పుస్తకములో వ్రాయబడుచుండెను. చనిపోయినవారిని తాతముత్తాతల ప్రక్కన, దేవాలయపు నీడలో పాతిపెట్టుట వారికి ఎంతో ప్రియమైన సంగతి. ఈ సంగతిని చదువరులు గుర్తుంచుకొనవలెను. ఏలయనగా తరువాత వారు విడిచిపెట్టవలసి వచ్చినవాటిలో ఇది మొదటిది.

విలియం మాంపెసన్ 1639వ సంవత్సర ప్రాంతమున జన్మించెను. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములోని పీటర్‌హౌస్ కళాశాలలో చదివి, 1662లో ఎం.ఏ. పట్టము పొందెను. గురుత్వ అభిషేకము పొందిన తరువాత సర్ జార్జి సావిల్ అను ప్రభువుయొద్ద ఆయన కొంతకాలము చాప్లెయిన్‌గా పనిచేసెను. కేథరిన్ అను సుగుణవతి ఆయన భార్య. వారికి జార్జి అను కుమారుడును ఎలిజబెత్ అను కుమార్తెయు కలిగిరి. 1664వ సంవత్సరమున మాంపెసన్ ఈమ్ గ్రామమునకు సంఘకాపరిగా నియమింపబడి, భార్యాబిడ్డలతో ఆ కొండల నడుమకు వచ్చెను. అప్పటికి ఆయన వయస్సు ఇరువదియైదు సంవత్సరములు మాత్రమే.

ఆ రాక సుఖమైనది కాదు. అంతకు పూర్వము 1644వ సంవత్సరమునుండి థామస్ స్టాన్లీ అను ప్యూరిటన్ బోధకుడు ఆ సంఘమును కాచెను. అంతర్యుద్ధ కాలమున రాజు పక్షమును కాదన్నవారిలో ఆయన ఒకడు. 1660లో రాజరికము మరల స్థాపింపబడగా ఆయన పదవి పోయెను. 1662లో ప్రభుత్వము ఒకే ప్రార్థన గ్రంథమును అందరును అంగీకరింపవలెనని చట్టము చేసినప్పుడు, మనస్సాక్షి ఒప్పనందున స్టాన్లీ పూర్తిగా వెలివేయబడెను. ఇంగ్లండంతట సుమారు రెండువేలమంది బోధకులు ఆ కాలమున ఈ విధముగానే జీవనోపాధిని కోల్పోయిరి. 1665లో మరియొక చట్టము వచ్చెను. వెలివేయబడిన బోధకుడు తన పాత సంఘమునకు అయిదు మైళ్లలోపల నివసింపరాదని అది శాసించెను. అయినను స్టాన్లీ ఈమ్‌ను విడిచిపోలేదు. గ్రామస్థులలో చాలమంది హృదయములు ఆయన వైపే ఉండెను. క్రొత్తగా వచ్చిన యౌవనస్థుని వారు అనుమానముతో చూచిరి. ఒకే గ్రామమున ఇద్దరు కాపరులు. ఒకనికి చట్టము తోడు, మరియొకనికి ప్రజలు తోడు. వారిద్దరి మధ్య స్నేహమునకు తావులేకుండెను.

1665వ సంవత్సరపు వేసవిలో లండను మహానగరమున ప్లేగు తెగులు విజృంభించెను. ఆ సంవత్సరము లండనులో తెగులువలన మరణించినవారి సంఖ్య ప్రభుత్వ లెక్కల ప్రకారమే 68,000 దాటెను. నిజమైన సంఖ్య లక్షవరకు ఉండవచ్చునని చరిత్రకారులు తలంచుచున్నారు. ఈమ్ లండనుకు సుమారు 150 మైళ్ల దూరమున నున్నది. కొండలచాటున నున్న ఆ గ్రామమునకు తెగులు రాగలదని ఎవ్వరు తలంచిరి? అయితే ఆగస్టు మాసాంతమున, గ్రామములోని అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డ్ అను దర్జీకి లండనునుండి బట్టల పెట్టె ఒకటి వచ్చెను. ఆ ఇంట పనిచేయు జార్జి వికార్స్ పెట్టెను విప్పగా బట్టలు చెమ్మగిల్లియుండెను. అతడు వాటిని నిప్పుయెదుట ఆరబెట్టెనని ఊరివారు చెప్పుదురు. ఆ మడతలలో తెగులును మోయు పురుగులు దాగియున్నవని అతనికేమి తెలియును? కొద్ది దినములలోనే అతడు జ్వరపడి మరణించెను. సెప్టెంబరు 7వ తేదీన అతని భూస్థాపన జరిగెను. రెండు వారములలో అదే ఇంటిలోని ఎడ్వర్డ్ కూపర్ అను బాలుడు చనిపోయెను. అక్కడినుండి తెగులు ఇరుగుపొరుగు ఇండ్లకు ప్రాకెను.

అక్టోబరు మాసమున ఇరువదిమందికి పైగా మరణించిరి. సంవత్సరాంతమునకు ఆ సంఖ్య నలువదిని దాటెను. చలికాలమున తెగులు కొంత తగ్గుముఖము పట్టినందున, ఆపద గడచెనని జనులు ఊపిరి పీల్చుకొనిరి. కాని 1666 వేసవి రాగానే అది మరింత క్రూరముగా లేచెను. జూను మాసమున ఊరిలో భయము ప్రబలెను. కలిగినవారిలో కొందరు ముందే బండ్లు కట్టుకొని వెళ్లిపోయియుండిరి. పోవుటకు చోటులేని గనిపనివారు సహితము మూటలు సర్దుకొన మొదలిడిరి. వారు పోయినయెడల తెగులును తమతో షెఫీల్డుకును, చుట్టునున్న పల్లెలకును తీసికొనిపోవుదురని మాంపెసన్ గ్రహించెను. కాని ఆయన చెప్పినయెడల వినువారెవరు? రెండు సంవత్సరముల క్రితము వచ్చిన పరాయివాడాయన.

ఇచ్చట మాంపెసన్ చేసిన పనియే ఆయన జీవితములోని మొదటి గొప్ప విజయము. ఆయన తన గౌరవమును ప్రక్కనపెట్టి థామస్ స్టాన్లీ సహాయము కోరెను. చట్టముచేత వెలివేయబడిన వృద్ధ బోధకుని చేయి పట్టుకొనకుండ ఈ ప్రజలను నడిపింపజాలనని ఒప్పుకొనుట, చట్టముచేత నియమింపబడిన యువకునికి సులభమా? స్టాన్లీ సైతము గతమును తలంచక ముందుకు వచ్చెను. ప్రార్థన గ్రంథము విషయమున వారి అభిప్రాయములు మారలేదు. అయితే మందను తోడేలు పట్టినవేళ, కఱ్ఱ ఎవరిచేతిలో ఉండవలెనను వాదమునకు సమయము లేదని ఇద్దరును ఎరిగిరి. వారిరువురును ప్రక్కప్రక్కన నిలిచి ప్రజలతో మాటలాడిరి.

వారు ప్రజలముందుంచిన తీర్మానములు మూడు. మొదటిది, ఇకమీదట చనిపోయినవారిని దేవాలయపు ఆవరణకు తీసికొని రాక, ఎవరివారిని వారే తమ తోటలోనో పొలములోనో త్వరగా పాతిపెట్టవలెను. రెండవది, దేవాలయపు తలుపులు మూసివేసి, ఆరాధనను బయట బహిరంగ స్థలమున జరుపవలెను. మూడవది అన్నిటికంటె కఠినమైనది. తెగులు తీరువరకు ఊరివారెవ్వరును పొలిమేర దాటి పోకూడదు. బయటివారెవ్వరును లోనికి రాకూడదు. అనగా, తాము బ్రదుకు అవకాశమును చేతులార తగ్గించుకొని, తామెరుగని పొరుగువారి ప్రాణములను కాపాడవలెను. ప్రజలు సమ్మతించిరి. కావలి కాయుటకు సైనికులెవ్వరును లేరు. ఇచ్చిన మాటయే ఆ ఊరికి ప్రాకారమాయెను.

మాంపెసన్ తన బిడ్డలిద్దరిని అంతకుముందే బంధువులయొద్దకు పంపివేసియుండెను. ఇది కూడ చెప్పవలసిన సత్యమే. పంపుటకు బంధువులు లేని బీదలు తమ బిడ్డలను ఇంటనే ఉంచుకొనిరి. కేథరిన్‌ను కూడ పొమ్మని ఆయన బ్రతిమాలెననియు, ఆమె భర్తను విడిచిపోనొల్లక ఆయనతోకూడ నిలిచెననియు చెప్పుదురు. తల్లి బిడ్డలను సాగనంపిన ఆ దినమే వారిని చూచుట చివరిసారి.

పొలిమేర మూసిన ఊరు ఎట్లు బ్రదికెను? డెవన్‌షైర్ ప్రభువు సమీపముననున్న చాట్స్‌వర్త్ భవనమునుండి ఆహారమును, మందులను పంపు ఏర్పాటు చేసెను. చుట్టుప్రక్కల గ్రామస్థులు రొట్టె, ధాన్యము మొదలగువాటిని తెచ్చి సరిహద్దున ఉంచి వెళ్లిపోవుచుండిరి. వారు కనుమరుగైన తరువాత ఈమ్‌వారు వచ్చి తీసికొని, వెల పెట్టి పోవుచుండిరి. ఊరికి ఉత్తరముననున్న ఒక ఊటయొద్ద నాణెములను నీటిలో ఉంచెడివారు. దానిని నేటికిని మాంపెసన్ బావి అని పిలుచుచున్నారు. స్టోనీ మిడిల్‌టన్ అను పొరుగూరికి పోవు త్రోవలో ఒక సరిహద్దు రాయి ఉన్నది. దానిలో తొలిచిన గుంటలలో చిరక పోసి, దానిలో నాణెములు వేయుచుండిరి. చిరక తెగులు విషమును హరించునని వారి నమ్మకము. ఆ రాయియు, ఆ గుంటలును ఇప్పటికిని అక్కడ చూడవచ్చును.

ఆరాధనకొరకు వారు కక్లెట్ డెల్ఫ్ అను పచ్చని లోయను ఎన్నుకొనిరి. ఒక సున్నపురాతి గుట్టలో సహజముగా ఏర్పడిన ద్వారమువంటి చోట మాంపెసన్ నిలిచి బోధించెను. ఏ కుటుంబమునకు ఆ కుటుంబము, ఒకరికొకరు దూరముగా, గడ్డిమీద నిలుచుచుండెను. ఆదివారము వెంట ఆదివారము ఆ లోయలో నిలుచువారు తగ్గిపోవుచుండిరి. ఎవరు రాలేదో చూచినప్పుడు, ఎందుకు రాలేదని అడుగవలసిన పని ఎవ్వరికిని లేకపోయెను.

జూలై మాసమున 56 మంది మరణించిరి. ఆగస్టులో ఆ సంఖ్య 75ను మించెను. ఊరికి కొంచెము దూరముననున్న రైలీ అను పొలమున హాంకాక్ కుటుంబము నివసించుచుండెను. ఆగస్టు 3వ తేదీ మొదలు 10వ తేదీవరకు ఎనిమిది దినములలో ఎలిజబెత్ హాంకాక్ అను స్త్రీ తన భర్తను, ఆరుగురు బిడ్డలను పోగొట్టుకొనెను. దగ్గరకు వచ్చువారు లేనందున ఆమెయే సమాధులు త్రవ్వి, శవములను ఈడ్చుకొనిపోయి పాతిపెట్టెను. ఎదుటి కొండనుండి స్టోనీ మిడిల్‌టన్‌వారు ఆ దృశ్యమును చూచుచుండిరట. ఆ ఏడు సమాధులు రాతిగోడచుట్టులో నేటికిని ఉన్నవి. మార్షల్ హౌ అను దృఢకాయుడు ముందే తెగులు తగిలి కోలుకొనినందున, ఇక తనకు భయములేదని ఇతరుల శవములను పాతిపెట్టు పనికి పూనుకొనెను. చచ్చినవారి వస్తువులను కూలిగా తీసికొనుచుండెను. తుదకు అదే ఆగస్టు మాసమున తన భార్యను, కుమారుని కూడ తానే పాతిపెట్టవలసి వచ్చెను. ఎమట్ సిడాల్ అను యువతికి స్టోనీ మిడిల్‌టన్‌కు చెందిన రోలండ్ టోర్ అను యువకునితో పెండ్లి కుదిరియుండెను. వారు దూరమునుండియే ఒకరినొకరు చూచుకొనుచుండిరనియు, 1666 ఏప్రిలు చివర ఆమె మరణించిన సంగతి తెలియక అతడు నెలల తరబడి వేచియుండి, తెగులు తీరిన తరువాత మొట్టమొదట ఊరిలో అడుగుపెట్టి విన్నాడనియు గ్రామస్థుల కథనము.

ఇంటింటికి తిరిగి రోగులను ఆదరించుట, మరణశాసనములు వ్రాసిపెట్టుట, ప్రార్థించుట కాపరుల దినచర్య. కేథరిన్ క్షయరోగముచేత బలహీనురాలైనను భర్తకు తోడుగా తిరిగెను. ఆగస్టు 25వ తేదీన ఆమెయు తెగులుచేత ప్రభువునందు నిద్రించెను. ఆమెకు ముప్పది యేండ్లు నిండలేదు. ఆమె సమాధి మాత్రము దేవాలయపు ఆవరణలో, పురాతన సిలువకు దగ్గరగా ఉన్నది. కొద్ది దినములకు మాంపెసన్ తన బిడ్డలకు ఉత్తరము వ్రాసెను. తల్లి చనిపోయిన వార్తతోపాటు ఆమె భక్తిని, అణకువను, బీదలయెడల ఆమె చూపిన దయను వారికి వివరించి, ఆ మార్గమున నడువుడని కోరెను. సెప్టెంబరు 1వ తేదీన సర్ జార్జి సావిల్‌కు మరియొక ఉత్తరము వ్రాసెను. తానును త్వరలో చనిపోవుదునని ఆయన తలంచెను. అనాథలు కాబోవు తన బిడ్డలను కనిపెట్టి చూడుమనియు, తన తరువాత ఈమ్‌కు దీనుడును భక్తిపరుడునైన కాపరిని పంపుమనియు ఆయన వేడుకొనెను. భార్యను పాతిపెట్టిన వారములోనే, తన మరణానంతరము మందకు కాపరి ఎవరని చింతించిన హృదయమది.

కాని ఆయన చావలేదు. సెప్టెంబరులో మరణములు తగ్గెను. నవంబరు 1వ తేదీన మరణించినవాడు చివరివాడు. నవంబరు 20వ తేదీన వ్రాసిన ఉత్తరములో, 76 కుటుంబములకు తెగులు తగిలెననియు, 259 మంది చనిపోయిరనియు ఆయన లెక్క చెప్పెను. ఇండ్లకు పొగవేసి, బట్టలను కాల్పించు పనిలో తానే ముందు నిలిచి, చలికి కప్పుకొనుటకును చాలనంతగా తన వస్త్రములను అగ్నికి అప్పగించెను. ఇతరులు జంకకుండుటకు ఆయన చూపిన మాదిరి అది. ఊరి జనాభా 350 మంది మాత్రమేనని పూర్వపు గ్రంథములు చెప్పినవి. దాదాపు 700 మంది ఉండిరని తరువాతి పరిశోధకుల లెక్క. ఆ లెక్కప్రకారమైనను మూడవ వంతునకు మించి ఊరు పోయెను. అయితే పొలిమేర అవతల పల్లెలలో తెగులు వ్యాపింపలేదు.

తరువాత జరిగినదేమి? అపాయము గడచిన వెంటనే కొందరు స్టాన్లీని చట్టప్రకారము వెళ్లగొట్టవలెనని డెవన్‌షైర్ ప్రభువునొద్ద మొఱపెట్టిరి. అట్టి ధైర్యముతో ప్రజలను కాపాడినవానిని వెళ్లగొట్టుట కాదు, దేశమే సన్మానింపవలెనని ఆ ప్రభువు వారిని మందలించెను. స్టాన్లీ తన ప్రజల మధ్యనే జీవించి 1670వ సంవత్సరమున కన్నుమూసెను. మాంపెసన్ 1669లో నాటింగ్‌హాంషైర్‌లోని ఈక్రింగ్ గ్రామమునకు కాపరిగా వెళ్లెను. అక్కడి ప్రజలు తెగులు ఊరినుండి వచ్చినవాడని భయపడి ఆయనను ఊరిలోనికి రానీయలేదట. ఆయన కొంతకాలము రఫర్డ్ వనములో ఒక గుడిసెలో నివసించి, ఒక చెట్టుక్రింద నిలిచి బోధించెనని చెప్పుదురు. పొరుగూళ్లకొరకు తన్ను తాను బంధించుకొనినవానికి లభించిన బహుమానమిది! అయినను ఆయన విసుగక, వారి భయము తీరువరకు వేచియుండెను. 1670లో ఎలిజబెత్ న్యూబీ అను విధవరాలిని వివాహమాడెను. సౌత్‌వెల్, యార్క్ ప్రధాన దేవాలయములలో గౌరవపదవులు ఆయనకు లభించెను. లింకన్ డీన్ పదవి ఇవ్వబోగా, దానిని స్వీకరింపక తన స్నేహితునికి ఇప్పించెను. 1709వ సంవత్సరము మార్చి 7వ తేదీన ఈక్రింగ్‌లో మరణించి, అక్కడనే భూస్థాపన చేయబడెను.

ఈ చరిత్రను చదువునప్పుడు కొన్ని సంగతులను నిజాయితీగా తలంచవలెను. మనకు తెలిసినదానిలో గట్టి ఆధారములు మాంపెసన్ ఉత్తరములును, సమాధుల పుస్తకపు ప్రతియును. మిగిలినవి చాలమట్టుకు ఊరివారి నోట నిలిచి, 1842లో విలియం వుడ్ వ్రాసిన గ్రంథము మొదలగువాటిలో చేరిన కథనములు. తెగులుకు కారణమేమో ఆ దినములలో ఎవ్వరికిని తెలియదు. 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ అను వైద్యుడు దాని సూక్ష్మక్రిమిని కనుగొనెను. 1896లో బొంబాయిలో ప్లేగు విజృంభించినప్పుడు హాఫ్‌కిన్ అక్కడనే టీకా మందు తయారుచేసెను. 1898లో సిమాండ్ అను వైద్యుడు, ఎలుకలమీది గోమారులవంటి చిన్న పురుగుల ద్వారా తెగులు ప్రాకునని మన ఉపఖండముననే రుజువుచేసెను. నేడు దానికి మందులున్నవి. ఊరిని మూసివేసినందున లోపలివారిలో మరణములు పెరిగెనేమోయని కొందరు విద్వాంసులు ప్రశ్నించుచున్నారు. ఆ ప్రశ్నను తోసివేయరాదు. అయితే ఒక సంగతి వారి జ్ఞానముమీద ఆధారపడలేదు. తాము పోయినయెడల ఇతరులు చత్తురేమోయని వారు తలంచిరి; తలంచి నిలిచిరి.

2020లో కరోనా వ్యాధి లోకమంతట వ్యాపించి, మన ఊళ్లలోను దేవాలయముల తలుపులు మూయబడినప్పుడు, ఆత్మీయుల భూస్థాపనకైనను పోలేక అనేకులు కన్నీరు విడిచిరి. ఈమ్ ప్రజల బాధ అప్పుడు మనకు పుస్తకములోని సంగతిగా కాక మన యింటి సంగతిగా తెలియవచ్చెను. తన మందను కాపాడుటకు ప్రాణము పెట్టు మంచి కాపరిని గూర్చి మనము తరచుగా వినుచుందుము. ఈమ్‌లో కాపరి మాత్రమే కాదు, మంద యావత్తును ఇతర మందలకొరకు ప్రాణము పెట్టెను. మాంపెసన్ పేరు నిలిచినది, ఎలిజబెత్ హాంకాక్ బిడ్డల పేర్లు మనలో ఎందరికి తెలియును? అయినను వారు నిలువనియెడల ఆయన మాట గాలిలో కలిసిపోయియుండెడిది.

ఈమ్ నేటికిని జనముతో నిండిన గ్రామమే. తరువాతి కాలమున అక్కడ పట్టునేతయు, చెప్పుల తయారీయు సాగినవి. 1994లో గ్రామ చరిత్రను చూపు ప్రదర్శనశాల తెరువబడెను. ఆగస్టు చివర ఊటలయొద్ద మట్టిపలకలపై పూలరేకులతో చిత్రములను కూర్చి అలంకరింతురు. ఆగస్టు చివరి ఆదివారమున గ్రామస్థులును యాత్రికులును కక్లెట్ డెల్ఫ్ లోయకు నడచిపోయి, మాంపెసన్ నిలిచిన చోట ఆరాధన జరుపుకొందురు. ఆంగ్లికన్ సంఘమువారనియు, ఇతర సంఘములవారనియు భేదము లేక ఒకే గడ్డిమీద నిలుతురు. 1666లో ఇద్దరు కాపరులు చేయి కలిపినందున ఏర్పడిన ఐక్యత అది. మన సంఘములలోను కాపరికిని కాపరికిని, శాఖకును శాఖకును నడుమ గోడలు లేకపోలేదు. వాటిని పడగొట్టుటకు ఒక తెగులు వచ్చువరకు మనము వేచియుండవలెనా?